తుగ్యానీ తర్వాత మూసీ

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. ఆ వరదకు నగరం పెట్టుకున్న పేరు ‘తుగ్యానీ సితంబర్’. పదిహేను వేల మంది పోయారన్నది ఎక్కువగా వినిపించే లెక్క. అంతకంటే చాలా ఎక్కువన్నవాళ్లూ ఉన్నారు. కూలిన ఇళ్లు 19,000, నిలువనీడ లేకుండా పోయినవాళ్లు 80,000 మంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురునూ ఒక్క రోజులో నదికి పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒడ్డుకు వెళ్లి మూసమ్మకు చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని జనం చెప్పుకుంటారు. అది జరిగిందో లేదో గానీ, ఆ కథలో నది ఇంకా బతిమాలుకోవాల్సిన మనిషే. మరుసటి ఏడాది నగరానికి ఇంజనీరు వచ్చాడు. అప్పటినుంచి మూసీ పరిష్కరించాల్సిన లెక్క అయింది.

లెక్క వేసినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1909లో ఆయన ఇచ్చిన నివేదిక నగరం గురించి ఎంత చెబుతుందో నగరం పైనున్న పల్లెల గురించీ అంత చెబుతుంది. హైదరాబాదు దగ్గర మూసీ పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులున్నాయి, అంటే చదరపు మైలుకు దాదాపు ఒకటి. వరదకు ముందు శంషాబాదులో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన పడింది. పైచెరువు తెగి కిందచెరువు మీద పడటంతో మొత్తం 221 చెరువులకు గండ్లు పడ్డాయి. నగరంలోకి వచ్చిన ప్రవాహాన్ని 4,25,000 క్యూసెక్కులుగా ఆయన అంచనా కట్టాడు. అంత నీటిని నగరం మధ్యనుంచి సాగనంపడం ఏ కరకట్ట వల్లా కాదు కాబట్టి పైనే పట్టి ఉంచి, తట్టుకోగలిగినంతే కిందికి వదలాలన్నది ఆయన తీర్మానం. ఆ ప్రకారమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఒడ్డున ఇరుకు బస్తీలు తీసేయించింది, గోడలు కట్టించింది, తోటలు వేయించింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి నదికి అటూ ఇటూ లేచాయి. వరద మిగిల్చిన శిథిలాల మీద అంత అందమైన నదీతీరాన్ని కట్టుకున్న నగరాలు మనకు ఎక్కువ లేవు.

అయితే ఆ రెండు జలాశయాలకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. వరద ఆపే జలాశయం వానాకాలంలో ఖాళీగా ఎదురుచూడాలి. తాగునీటి జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలి. నగరం రెండు పనులూ ఒకే కట్టకు అప్పగించింది. దాహం ఏటా వేస్తుంది, వరద ఎప్పుడో గానీ రాదు. అందుకని దాహమే గెలిచింది. గేట్లు ఎత్తే నాలుగు రోజులు తప్పితే ఆ జలాశయాల దిగువన మూసీకి సొంత నీరంటూ లేకుండా పోయింది. నగరం పెరిగినకొద్దీ ఆ ఖాళీని మురుగు నింపింది. వేసవిలో అక్కడ పారేది నది కాదు, ఇళ్ల నాలాలూ కార్ఖానాల వ్యర్థాలూ. నీరు లేని నది మన కళ్లకు నదిలా ఆనదు, ఖాళీ జాగాలా కనిపిస్తుంది. గుడిసెలు, గోదాములు, రోడ్లు దిగాయి. పేదవాళ్లే దిగారనుకుంటే పొరపాటు. 1990లలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ప్రభుత్వం కట్టించింది నది రెండు పాయల నడుమనే. నేను చెప్పదలచుకున్నది ఇదే: మూసీ చావు, మూసీ వరద వేర్వేరు సమస్యలు కావు. ఎగువన కొనుక్కున్న భద్రత దిగువన నదిని ఎండబెట్టింది. ఎండిన పడక మనుషుల్ని పిలిచింది. ఆ మనుషులే ఇప్పుడు వరదకు ఎదురుగా ఉన్నారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. జలాశయాలు లేకపోతే నగరం మళ్లీ మునిగేది కాదా? మునిగేదే. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దానికి జోడుగా ఇంకో మాట కూడా అంటారు: గొలుసుకట్టు చెరువుల్ని మెచ్చుకోవడం మానండి, 1908లో ముంచింది ఆ తెగిన చెరువులే కదా అని. అది సగం నిజం. 221 తెగాయంటే 567 నిలిచాయన్నమాట. అవి పట్టుకున్న నీరు కూడా ఆ రోజే వచ్చిపడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెరువు తెగడం చెరువు గుణం కాదు. మత్తడి (అలుగు) చాలకపోవడం, కట్ట చూసే దిక్కు లేకపోవడం దానికి కారణాలు. మత్తడి దూకిన నీరు ఏ వాగున పోయి ఏ చెరువులో పడాలో పాత ఊళ్లకు తెలుసు. నగరం విస్తరించినప్పుడు పోయింది ఆ తెలివిడే. చెరువు శిఖం భూమి ప్లాట్లయింది, వాగు ‘నాలా’ అయింది, నాలా మీద స్లాబు పడింది.

దాని ఫలితం 2020 అక్టోబరు 13న కనిపించింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. పల్లెచెరువు, తర్వాత కొద్ది రోజులకు గుర్రం చెరువు తెగి కింద కాలనీల మీద పడ్డాయి. మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ వంతెనల ఎత్తుకు వచ్చింది. ఘట్‌కేసర్ ఉన్నది నగరానికి తూర్పున. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పడమర దిక్కున ఉన్నాయి. వాటి దిగువన, నగరం నడినెత్తిన పడే వానను ఆ జలాశయాలు ఏం చేయగలవు? విశ్వేశ్వరయ్య కాలంలో వరద అంటే పైనుంచి వచ్చేది. ఇప్పుడు సగం వరద నగరం లోపలే పుడుతోంది, కాంక్రీటు కప్పుల మీదా తారు రోడ్ల మీదా. దాన్ని పట్టడానికి మిగిలినవి లోపలి చెరువులూ కుంటలే.

పైన కూడా పట్టు సడలుతోంది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరీవాహకంలో ఒక నూనె ఫ్యాక్టరీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, తాగునీటికి ముప్పు లేదని నిరూపించే భారం పరిశ్రమదేనని కోర్టు చెప్పింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షల్ని ఎత్తేసింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు తాగుతోంది, ఇక ఈ చెరువుల చుట్టూ అంత భూమిని బిగించి ఉంచడమెందుకని దానికి వాదన. ఆ గ్రామాల రైతులు పాతికేళ్లు తమ భూమి విలువను నగరం కోసం వదులుకున్నారన్నది కాదనలేని మాట, వాళ్లకు పరిహారం దక్కాల్సిందే. కానీ జలాశయం మొదటి పని తాగునీరు కాదు, వరద ఆపడం. ఆ పనికి కృష్ణా నుంచి పైపు వేయలేం. నిజానికి తాగునీటి భారం తగ్గడం అదృష్టం. నిండుగా ఉంచాలన్న ఒత్తిడి లేనప్పుడు వానాకాలంలో వరదకు చోటు వదలవచ్చు, వేసవిలో నదికి కాస్త నీరు విడవవచ్చు.

ఇది ఎక్కడా లేని ఊహ కాదు. మ్యూనిక్ మధ్య పారే ఈసర్‌కు ఎగువన 1959లో పూర్తయిన సిల్వెన్‌స్టైన్ జలాశయం వరదా ఆపుతుంది, నీరు తగ్గిన నెలల్లో నదికీ అందిస్తుంది. 2000 నుంచి 2011 వరకూ నగరంలో 8 కిలోమీటర్ల మేర గట్టి ఒడ్లు తీసేసి పడకను వెడల్పు చేశారు. చేపలకు గులకరాళ్ల మేటలు దక్కాయి, వరదకు దారి పెరిగింది. మూసీ తీరాన్ని బాగుచేయడానికి మన దగ్గర ఎక్కువగా చూపించే నమూనా అది కాదు, సబర్మతి. అహ్మదాబాదులో నదిని సుమారు 263 మీటర్ల వెడల్పుకు సమం చేసి, రెండు గోడల నడుమ నర్మద కాలువ నీటిని నింపారు. చూపుకు బాగుంటుంది. అయితే దాన్ని నది అనాలా, పొడుగాటి చెరువు అనాలా?

నదికి వెడల్పు కావాలంటే ఎవరిని లేపాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఈసర్ ఒడ్డున ఖాళీ పచ్చికలున్నాయి, మూసీ ఒడ్డున పట్టా కాగితాలు, కరెంటు బిల్లులు ఉన్న కుటుంబాలున్నాయి. 2024లో ఖాళీ చేయించాల్సిన ఇళ్ల మీద గుర్తులు వేసినప్పుడు రేగిన కోపం అన్యాయమైనదేమీ కాదు. వరద పడకలో పిల్లల్ని నిద్రపుచ్చే హక్కే పేదవాడికి మిగలాలని నేను అనను. లేపే క్రమం మాత్రం తిరగబడాలి. 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తగానే నీరు చేరింది ప్రభుత్వ బస్ స్టేషన్‌లోకే. ఖాళీ చేయడం ప్రభుత్వ కట్టడాలతో మొదలుపెట్టి, బస్తీల వంతు వచ్చేసరికి దగ్గర్లోనే ఇల్లు చూపించాలి. లేపిన జాగా తోటగా, నీటి చోటుగా మిగలాలి, అక్కడే అద్దాల మేడ లేస్తే జరిగింది వరద పని కాదు.

చర్చంతా నగరంలోని 55 కిలోమీటర్ల గురించే సాగుతుంది. మూసీ ఆ తర్వాత కూడా పారుతుంది, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా. నగరం దాటగానే కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర ఆ నురగ నీటినే మళ్లించుకుని రైతులు పశువుల గడ్డి, వరి, ఆకుకూరలు పండిస్తున్నారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు తిరిగి నగరానికే వస్తాయి. మురుగుశుద్ధి కేంద్రాలు సరిగా నడిస్తే ముందు బాగుపడేది వాళ్లే. శుద్ధిచేసిన నీటిని నగరం తన ఫౌంటెన్లకూ, కార్ఖానాలకూ మళ్లించుకుంటే ముందు ఎండిపోయేదీ వాళ్లే. తీరం ఎలా ఉండాలో గీసే పటాల్లో ఈ కత్వలు ఇంకా ఎక్కలేదు.