మర్యం విన్న మాట: దక్షిణ రాయలసీమ ముస్లిం కుటుంబాలలో పురుడు, ప్రార్థన, తోడు

ఉపోద్ఘాతం

పురిటిల్లు చరిత్ర రచనలో అరుదుగా కనిపించే చోటు. యుద్ధాలు, శిస్తులు, దానశాసనాలు చరిత్రకు ఎక్కినంతగా ప్రసవవేదన ఎక్కలేదు. ఆ గదిలోని స్త్రీలు రాయలేదు, రాసే పురుషులకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. అందువల్ల ప్రసవ సమయంలో మతం స్త్రీకి ఏమి ఇచ్చింది అన్న ప్రశ్నకు సమాధానాన్ని మతగ్రంథాలలోను, ఆచార వర్ణనలలోను, మనుషుల పేర్లలోను, ఆసుపత్రుల చరిత్రలోను వెదకవలసి ఉంటుంది. దక్షిణ రాయలసీమ ముస్లిం కుటుంబాలను కేంద్రంగా తీసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఇందులో చేరాయి. అంతకుముందు ఈ నేల ఆర్కాటు నవాబుల, కడప నవాబుల, మైసూరు పాలకుల అధికారాన్ని చూసింది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న మరణించింది చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేటలోనే. ఈ చరిత్ర ఫలితంగా ఇక్కడి ముస్లింలలో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకులవారు, తమిళ సంబంధాలున్నవారు కలిసి కనిపిస్తారు. ఒక్క మతంలోనే ఇన్ని భాషలు ఉన్నచోట ప్రసవ సమయపు ఓదార్పు ఏ భాషలో, ఎవరి నోట వినిపించింది అన్నది ముఖ్యమవుతుంది.

మర్యం ఉదంతం

ఇస్లాంలో ప్రసవవేదన ప్రస్తావనకు ప్రధానమైన చోటు ఖురాన్ 19వ అధ్యాయం. ఆ అధ్యాయానికి ఈసా ప్రవక్త తల్లి మర్యం పేరే ఉంది. నొప్పులు మొదలైన మర్యం ఒంటరిగా ఒక ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయిస్తుంది. ఇంతకు ముందే చనిపోయి అందరి మరపులో కలిసిపోయి ఉంటే బాగుండేదని అనుకుంటుంది. అప్పుడు కింది నుంచి ఒక స్వరం వినిపిస్తుంది. దుఃఖించవద్దని, పాదాల చెంత నీటి పాయ ఉందని, మొదలును ఊపితే పండిన ఖర్జూరాలు రాలుతాయని, తిని తాగి కన్నులు చల్లబరచుకోమని చెబుతుంది. ఆ స్వరం దైవదూతదని కొందరు వ్యాఖ్యాతలు, అప్పుడే పుట్టిన శిశువుదని మరికొందరు వివరించారు.

ఈ ఉదంతంలో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, చావును కోరుకున్న స్త్రీని ఆ స్వరం మందలించదు. ఆమె నిరాశను విశ్వాసలోపంగా లెక్కించదు. రెండవది, ఓదార్పు ఉపదేశంతో ఆగిపోలేదు. పలకరింపుతో పాటు నీరు, పండు వంటి శరీరానికి కావలసినవి అందులో ఉన్నాయి.

బైబిలు ఆదికాండంలో ప్రసవవేదన హవ్వకు పడిన శిక్షగా కనిపిస్తుంది. 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ ప్రసవంలో క్లోరోఫాంను ఉపయోగించినప్పుడు ఆ వాక్యం ఆధారంగా వచ్చిన ఆక్షేపణలకు ఆయన ఒక చిన్న పుస్తకం ద్వారా సమాధానం చెప్పవలసి వచ్చింది. ఖురాన్‌లోని ఆదం దంపతుల కథలో అలాంటి శాపం లేదు. తప్పు ఇద్దరిదీ, క్షమాపణ కోరింది ఇద్దరూ. తరువాతి కాలపు వ్యాఖ్యానాలలో యూద, క్రైస్తవ కథనాల ప్రభావంతో శాపం ప్రస్తావన చేరినప్పటికీ మూలగ్రంథం స్వరం వేరు. 31వ, 46వ అధ్యాయాలు తల్లి పడిన శ్రమను పేర్కొని, దానిని బిడ్డలు తీర్చవలసిన రుణానికి హేతువుగా చూపుతాయి.

ఈ కథ తెలుగు అక్షరాలలోకి వచ్చిన తీరులోనూ రాయలసీమకు చోటుంది. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి అనువదించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో అధ్యాపకులు. దత్తమండలానికి రాయలసీమ అన్న పేరు స్థిరపడడానికి కారకులలో ఒకరు. ఆ అనువాదం 1925లో వెలువడింది. అయితే చదువురాని స్త్రీలకు మర్యం కథ పుస్తకానికి ముందే, పెద్ద ముత్తైదువల నోట చేరింది.

పురిటి మంచం దగ్గర

దక్కను ముస్లింల ఆచారాలకు తొలి సమగ్ర వర్ణన ‘ఖానూన్-ఎ-ఇస్లాం’. ఏలూరు ప్రాంతీయుడైన జాఫర్ షరీఫ్ దక్కనీలో రచించగా, మద్రాసు కొలువులోని శస్త్రవైద్యుడు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో లండన్‌లో ప్రచురించాడు. పుట్టుకతో మొదలై మరణంతో ముగిసే ఈ గ్రంథంలో ఏడవ నెలలో జరిపే సత్వాసా, ఆరవనాటి ఛట్టీ, నలభయ్యవనాటి చిల్లా వివరంగా ఉన్నాయి. ఇవి తెలుగిళ్ళలోని సీమంతానికి, పురిటి స్నానాలకు దగ్గరి చుట్టాలు. కాన్పయిన బాలింతకు హిందూ ఇళ్ళలో కాయం పెట్టినట్టే, దక్కనీ ఇళ్ళలో వాముతో చేసిన అచ్వానీ ఇచ్చేవారు.

నొప్పులు పడుతున్న స్త్రీకి మంత్రించిన నీళ్ళు తాపడం, తాయెత్తు కట్టడం విస్తృతంగా కనిపించే ఆచారాలు. దక్కనీలో దీనిని దమ్ చేయడం అంటారు. ప్రార్థన చదివి నీటిపై ఊదడమే దమ్. కష్టకాన్పుకు ఖురాన్ 84వ అధ్యాయపు తొలి వాక్యాలను కాగితంపై రాసి తొడకు కట్టే పద్ధతి ఉంది. ప్రళయదినాన భూమి తనలో ఉన్నదంతా బయటవేసి ఖాళీ అవుతుందన్న భావం ఆ వాక్యాలలో ఉంది. భూమిని గర్భంతో పోల్చుకొన్న జనసామాన్యం ప్రళయవర్ణనను ప్రసవప్రార్థనగా మలచుకొంది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అష్రఫ్ అలీ థాన్వీ రచించిన ‘బెహిష్తీ జేవర్’ అనేక పురిటి ఆచారాలను దురాచారాలని ఖండించింది. అంతటి సంస్కరణ గ్రంథం కూడా ఈ తాయెత్తును తొలగించలేదు. అదే ప్రార్థనను బెల్లంపై చదివి తినిపించవచ్చునని కూడా చెప్పింది. స్త్రీల అవసరానికి సంస్కర్త ఇచ్చిన మినహాయింపుగా దీనిని గుర్తించవచ్చు.

మర్యం పేరు మరొక వస్తువుకూ అంటుకొంది. ఎడారిలో పెరిగి, ఎండి ముడుచుకొని, నీటిలో వేస్తే మెల్లగా విచ్చుకొనే ఒక మొక్కను మర్యం చెయ్యి అని పిలుస్తారు. హజ్ యాత్రికులు మక్కా నుంచి తెచ్చుకొనే వస్తువులలో ఇది ఒకటి. నొప్పుల వేళ నీళ్ళ గిన్నెలో దీనిని ఉంచి, అది విచ్చుకొన్నట్టే గర్భద్వారం విచ్చుకొంటుందని నమ్మేవారు. ఆ నమ్మకానికి వైద్యపరమైన విలువ ఎంత అన్నది వేరే చర్చ. గడియారం లేని గదిలో అంతులేనిదిగా తోచే నొప్పికి ఒక అంతు ఉందని కంటికి చూపించడం దాని పని.

తెలుగు పల్లెలలో మంత్రసాని తరచు మంగలి కులస్థురాలు. సాయిబుల ఇళ్ళకూ ఆమే వెళ్ళేది. అంటే ఒకే మంచం దగ్గర బిస్మిల్లా చదివే అత్తగారు, తన ఇలవేలుపును తలచుకొనే మంత్రసాని ఉండేవారు. అరబ్బీ అర్థం తెలియని దూదేకుల స్త్రీకి ఆ చదువు ఒక లయగా, పరిచితమైన గొంతుగా అందేది. ధైర్యం చెప్పే మాట మాత్రం తెలుగులోనే వచ్చేది.

మొక్కుబడి, పేరు

ప్రసవ భయం, ఆశ వదిలిన జాడలలో పేర్లు ముఖ్యమైనవి. రాయలసీమలో నాగూరమ్మ, మస్తానమ్మ, దస్తగిరి, కుళ్ళాయప్ప, బాబయ్య వంటి పేర్లు ముస్లింలలోనే కాక హిందువులలోనూ ఉన్నాయి. నాగూరు పేరు తమిళ తీరంలోని షాహుల్ హమీద్ దర్గాను, బాబయ్య పేరు పెనుకొండ దర్గాను, కుళ్ళాయప్ప పేరు అనంతపురం జిల్లా గూగూడు పీరును స్మరింపజేస్తాయి. దస్తగిరి అన్నది బాగ్దాదుకు చెందిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు. పారశీకంలో ఆ మాటకు చేయి పట్టుకొనేవాడు అని అర్థం. కాన్పు సుఖంగా జరిగితే బిడ్డకు ఆ పేరు పెడతామని మొక్కుకోవడం వాడుక. ఆ విధంగా పురిటిగదిలోని ప్రార్థన ఓటరు జాబితా దాకా చేరింది.

రాజకుటుంబాలూ దీనికి మినహాయింపు కాదు. టిప్పు సుల్తాన్ తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా కడప కోట అధికారిగా పనిచేసిన మీర్ మొయినుద్దీన్ కుమార్తె. గుర్రంకొండను ఏలిన మీర్ అలీ రజాఖాన్ ఆమె సోదరుడు. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గాలో సంతానం కోసం మొక్కుకొన్న ఫలితంగా బిడ్డకు ఆ పేరు పెట్టారన్నది చరిత్ర గ్రంథాలలో నిలిచిన కథనం. కోట అధికారి కూతురూ, దూది ఏకే ఇంటి కోడలూ ఒకే విధమైన గడప ముందు నిలబడ్డారు.

ధర్మశాస్త్రం ఇచ్చిన విశ్రాంతి

ప్రసవానంతర రక్తస్రావ కాలాన్ని ధర్మశాస్త్రం నిఫాస్ అంటుంది. దక్కనీ ముస్లింలు అనుసరించే హనఫీ సంప్రదాయంలో దాని గరిష్ఠ పరిమితి 40 రోజులు. తమిళ తీరంలో ప్రచారంలో ఉన్న షాఫియీ సంప్రదాయంలో 60 రోజులు. ఆ కాలంలో నమాజు లేదు, తరువాత దానిని పూరించవలసిన పనీ లేదు. ఉపవాసాలను మాత్రం మరొకప్పుడు పూర్తి చేయాలి. గర్భిణికి, పాలిచ్చే తల్లికి హాని భయం ఉంటే రంజాన్ ఉపవాసం వాయిదాకు అనుమతి ఉంది. రక్తస్రావం ముందే ఆగితే స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలన్నది శాస్త్రం. ఆచారంలో మాత్రం నలభై రోజులూ నిలిచిపోయాయి. శాస్త్రానికి అది పొరపాటు. ఆ నలభై రోజులూ పొలానికీ పొయ్యికీ దూరంగా పుట్టింట్లో గడిపే వీలు దొరికిన బాలింతకు అదే విశ్రాంతి.

ప్రసవంలో మరణించిన స్త్రీకి అమరుల స్థానం దక్కుతుందని హదీసు సంప్రదాయం చెబుతుంది. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఇది ఉంది. యుద్ధంలో ప్రాణమిచ్చిన వీరునితో పురిటిలో ప్రాణం విడిచిన స్త్రీని సమానం చేసిన ఈ మాట ఎన్నో కుటుంబాలకు దుఃఖోపశమనం. అయితే చనిపోయిన తరువాత దక్కే గౌరవం, చనిపోకుండా చేయవలసిన ప్రయత్నానికి బదులు కాగలదా అన్న ప్రశ్నను చరిత్ర లేవనెత్తింది.

మూసిన తలుపు

1890లలో దక్షిణ ఆర్కాటు జిల్లా తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు అమెరికన్ మిషనరీ కుటుంబానికి చెందిన ఇడా స్కడర్ తలుపు తట్టారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడవవారు మరొక హిందువు. ముగ్గురి భార్యలూ కష్టకాన్పులో ఉన్నారు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన తండ్రిని తీసుకువెళ్ళమంటే, పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని ముగ్గురూ నిరాకరించారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆ రాత్రి ప్రేరణతో ఆమె వైద్యవిద్య అభ్యసించి 1900లో తిరిగివచ్చింది. 1902లో వేలూరులో ప్రారంభమైన ఆమె ఆసుపత్రి క్రమంగా నేటి క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగి చిత్తూరు జిల్లా ప్రజలకూ పెద్ద ఆధారమైంది.

ఈ ఘటనలో ఘోషా ముస్లింల సొత్తుగా కనిపించదు. మూడు కుటుంబాలదీ ఒకే మాట. పైగా ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రాణావసరం నిషిద్ధాన్ని అనుమతింపజేస్తుందన్న సూత్రం ఉంది. స్త్రీ వైద్యురాలు దొరకనిచోట పురుష వైద్యుని చికిత్సను ఆ సూత్రం అంగీకరిస్తుంది. ఆ రాత్రి ఆ ముస్లిం ఇంటి తలుపును మూసి ఉంచింది శాస్త్రం కన్నా పరువు. మద్రాసు నుంచి విశాఖపట్నం దాకా ఘోషా ఆసుపత్రులు వెలిసిన కారణం ఇదే. పరువు అడ్డు తొలగించడానికి ఆసుపత్రే స్త్రీల ప్రపంచంగా మారవలసి వచ్చింది.

ఆసుపత్రికి మారిన పురుడు

మదనపల్లెలో ఆర్కాటు మిషన్ నడిపిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1960లో తిరుపతిలో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన ప్రసూతి ఆసుపత్రి ఈ ప్రాంతపు పురుడు స్వరూపాన్ని మార్చాయి. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన ఆ మార్పును పేద కుటుంబాల దాకా తీసుకువెళ్ళింది. ప్రాణాలను నిలిపే రక్తం, శస్త్రచికిత్స, శిక్షణ పొందిన నర్సు అందుబాటులోకి వచ్చాయి. దీని విలువను ఏ తాయెత్తుతోనూ తూచలేము.

మతాచారాలలో కొన్ని ఈ మార్పుతోపాటే నడిచివచ్చాయి. బిడ్డ కుడిచెవిలో అజాన్ వినిపించడం, నాలుకకు ఖర్జూరపు గుజ్జో తేనెో రాయడం, ఏడవనాటి అఖీఖా ఈనాటికీ ఉన్నాయి. అయితే ఇవన్నీ బిడ్డకు సంబంధించినవి. తల్లికి సంబంధించిన ఓదార్పు మాత్రం ప్రసవగది గడప దగ్గర ఆగిపోయింది. దువా చదివే తల్లి, నడుము నిమిరే అత్త వరండాలోనే కూర్చోవలసి వచ్చింది. పురుటాలితో లోపలికి వెళ్ళినది చేతికి కట్టిన తాయెత్తు మాత్రమే. ఇంట్లో జరిగిన కాన్పులో తాయెత్తు తోడుకు అనుబంధం. ఆసుపత్రి కాన్పులో అది తోడు లేని లోటును పూరించవలసిన వస్తువు అయింది.

భారత ప్రభుత్వం 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవగదులలోకి స్త్రీ తోడును అనుమతించాలని నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన ప్రసవ సంరక్షణ మార్గదర్శకాలలో, స్త్రీ తాను కోరుకొన్న తోడును పొందాలని సిఫారసు చేసింది. తోడు ఉన్నచోట నొప్పుల కాలం తగ్గుతుందని, సహజ కాన్పులు పెరుగుతాయని పరిశోధనలు నిరూపించడం దీనికి ఆధారం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేటపడుతున్నాయి. ఇస్లాం గ్రంథ సంప్రదాయం ప్రసవవేదనను శిక్షగా కాక గౌరవింపదగిన శ్రమగా చూసింది. దక్షిణ రాయలసీమలో ఆ భావం దక్కనీ, తెలుగు స్త్రీల ఆచారాల ద్వారా, హిందూ మంత్రసాని సహకారంతో, దర్గా మొక్కుల ద్వారా ఆచరణలోకి వచ్చింది. పరువు ఆ భావాన్ని కమ్మివేసినప్పుడు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు.

తాయెత్తు, మంత్రించిన నీళ్ళు, మర్యం చెయ్యి అన్నీ ఒక మనిషి మరొక మనిషి దగ్గర నిలబడడానికి ఏర్పడిన సందర్భాలు. ఖర్జూరపు చెట్టు కింద మర్యంకు మొదట దక్కింది నీరు కాదు, పండు కాదు. దుఃఖించవద్దన్న ఒక మాట. ఆ మాట చెప్పే మనిషికి ప్రసవగదిలో చోటు ఇవ్వడం నేటి వైద్యానికి కొత్త ఆలోచనగా తోచవచ్చు. ఈ నేలపై పురుడు పోసిన పెద్దలకు అది తెలిసిన సంగతే.