అమెరికా కుటుంబయాత్రాహాస్యచిత్రములు: జాతుల ప్రాతినిధ్యము

కుటుంబమంతయు నొక మోటారుబండిలో బయలుదేరి, త్రోవలో పెక్కు చిక్కుల బడుట యితివృత్తముగా గల హాస్యచలనచిత్రములు అమెరికా సంయుక్తరాష్ట్రములందు ఒక ప్రత్యేకశాఖగా నేర్పడినవి. వానియందు బండిలో కూర్చుండువా రెవరు, త్రోవప్రక్క నిలుచువా రెవరు అను ప్రశ్న పైకి స్వల్పముగా దోచును. ఆ దేశపు రహదారుల చరిత్ర మెరిగినవారి కది స్వల్పము గాదు.

1956వ సంవత్సరపు చట్టము 41,000 మైళ్ల రాష్ట్రాంతర రహదారులను సంకల్పించినది. ఆ కాలమున నల్లజాతి గృహస్థు బండి కొనగలిగినను, రాత్రి తలదాచుకొన చోటు దొరకునను నమ్మకము లేకుండెను. హార్లెమునందలి తపాలాయుద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ప్రారంభించిన ‘గ్రీన్ బుక్’ అను మార్గదర్శిని, నల్లవారికి బసయు భోజనమును నిచ్చు స్థలముల పట్టిక. బసగృహములందు జాతిభేదమును నిషేధించిన పౌరహక్కుల చట్టము 1964లో వచ్చినది. ఆ మార్గదర్శిని తుదికూర్పు 1966-67 నాటిది. ఒకే త్రోవ యొకరికి వినోదమును, మరియొకరికి భయమును గూర్చినది.

వెండితెర యీ భయమును జాలకాల మెరుగదు. 1954లో వెలువడిన ‘ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్’ అను చిత్రమున లుసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులుగా నటించిరి. ఆర్నాజ్ క్యూబాలో జన్మించినవాడు. పాత్రకు మాత్రము కొల్లీని యను ఇటలీ యింటిపేరు పెట్టబడినది.

1983లో హెరాల్డ్ రేమిస్ దర్శకత్వమున వచ్చిన ‘వెకేషన్’ ఈ శాఖకు ప్రసిద్ధి దెచ్చినది. జాన్ హ్యూస్ తాను 1979లో ప్రకటించిన కథనుండి దీనిని రచించెను. గ్రిస్వోల్డు కుటుంబము షికాగోనుండి కాలిఫోర్నియాకు బోవుచు సెయింట్ లూయిస్ నగరమున దారి తప్పును. నల్లవారిని త్రోవ యడుగుచుండగనే బండి చక్రముల మూతలు దొంగిలింపబడును. గృహయజమానుని వెర్రియే యిచట హాస్యాస్పదమని కొందరనవచ్చును. ఆ వాదము కొంతవరకు నిజమే. కాని దొంగతనము జరిగినతోడనే అతని భయము సకారణమైనదిగా దేలును. ఆ ఘట్టములోని నల్లవారికి ఇల్లు లేదు, ఆలుబిడ్డలు లేరు, తమదైన ప్రయాణము లేదు.

ఇరువదియొక్క యేండ్లకు, 2004లో, క్రిస్టఫర్ ఎర్స్కిన్ దర్శకుడుగా ‘జాన్సన్ ఫ్యామిలీ వెకేషన్’ వచ్చినది. ఇందు నల్లజాతి కుటుంబము కాలిఫోర్నియానుండి మిస్సోరీకి బంధువుల కూటమికై పోవును. సెయింట్ లూయిస్ మిస్సోరీలోనిదే. గ్రిస్వోల్డులు తప్పించుకొని పోయిన రాష్ట్రము జాన్సనులకు బంధువు లెదురుచూచు తావు. విమర్శకు లీచిత్రమును మెచ్చలేదు. హాస్యరచనగా దాని గుణము వేరు, చరిత్రమునందు దాని స్థానము వేరు.

దీనికి ముందే 1998లో ‘స్మోక్ సిగ్నల్స్’ అను చిత్రమును ఆదిమవాసు లైన షెర్మన్ అలెక్సీ రచింపగా, క్రిస్ ఐర్ దర్శించెను. ఐడహోకు జెందిన యిరువురు యువకులు, వారిలో నొకని తండ్రి చితాభస్మమును దెచ్చుటకై అరిజోనాకు బస్సులో బోవుదురు. వారి స్థానములను ఇరువురు తెల్లవా రాక్రమింతురు. ఆ యవమానమునుండి పరిహాసము పుట్టించువారు బాధితులే. ప్రేక్షకుడు వారితో గూడి నవ్వును, వారిని జూచి కాదు.

2021 నాటి ‘ది మిచెల్స్ వర్సెస్ ది మెషీన్స్’ అను చిత్రమున మరియొక మార్పు గన్పట్టును. నాయిక కేటీకి మరియొక యువతియం దనురాగము గలదని తుదిని తల్లి మాటలలో దెలియును. ఇంటివా రది వింతగా దలపరు.

తెరపై గన్పడు ముఖముల లెక్కయే ప్రాతినిధ్యమైనచో 1983 నాటి చిత్రమునందును నల్లవా రుండిరి. బండియు, ఇల్లును, నవ్వించు నధికారమును ఎవరివి యను విచారణయే యీ చిత్రముల చరిత్రమునకు సరియైన కొలత.