తాండ్ర చాప, మిఠాయి పళ్ళెం



మా చింతలపూడి వైపు వేసవి వచ్చిందంటే వాకిట్లో చాపలు పరుచుకునేవి. నూజివీడు తోటల సంగతి మీకు తెలియనిది కాదు. చిన్న రసాలు, పెద్ద రసాలు గంపల్లో దిగేసరికి మా అమ్మమ్మ కొంగు బిగించేది. పళ్ళు పిండి, రసం గుడ్డలో వడగట్టి, పంచదార కలిపి, చాప మీద పల్చగా పూసేది. అది ఎండాక మరో పూత, ఆపైన ఇంకో పూత. కాకుల్ని తోలుతూ కూర్చోవటం పిల్లల వంతు. ఆ తాండ్ర రుచి ఇప్పటికీ నా నాలిక మీదే ఉంది. కానీ అమ్మమ్మ ఆ పనిలో ఉండగా తీసిన ఫోటో మాకు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒకటే. ఎవరి పెళ్ళిలోనో కుర్చీ మీద బిగుసుకుపోయి కూర్చున్నది.

“వంటింటి సంగతులు కూడా చరిత్రేనా?” అంటారేమో. ఆ మాట ముందు మన ఆడవాళ్ళమే అంటాం. అందుకే ఈవేళ, తినే పదార్థాలను బొమ్మలు కట్టిన ఇద్దరు చిత్రకారుల సంగతి చెబుతాను.

మొదటి ఆవిడ క్లారా పీటర్స్. 17వ శతాబ్దం మొదట్లో, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో బొమ్మలు వేసింది. ఆ రోజుల్లో చిత్రకళ నేర్చే మగపిల్లలు మనుషులను ఎదుట నిలబెట్టుకుని శరీర నిర్మాణం అభ్యసించేవారు. ఆడపిల్లలకు అది నిషిద్ధం. పురాణ కథలు, యుద్ధ ఘట్టాలు వేయాలంటే ఆ చదువు కావాలి. దారి మూసేశారు కదా అని ఆవిడ ఊరుకోలేదు. బల్ల మీద ఉన్నవాటినే తీసుకుంది. జున్ను, బాదం పప్పు, రొట్టె, ఎండు పళ్ళు, పంచదార మిఠాయిలు. అప్పట్లో ఆ దేశాల్లో పంచదార ధనవంతుల సొత్తు. బ్రెజిల్ తోటల్లో బానిసల చెమటతో తయారై ఓడల్లో వచ్చేది. ఇంగ్లీషువాళ్ళ “షుగర్” అన్న మాట మాత్రం మన “శర్కర” నుంచే పారశీకం, అరబ్బీల మీదుగా వెళ్ళింది సుమండీ. పళ్ళెంలో ఒక మిఠాయి ముక్క వెనక ఎంత లోకం ఉందో చూశారా?

అసలు విశేషం వేరే ఉంది. 1611లో వేసిన ఒక చిత్రంలో లోహపు పాత్రల మెరుపులో, చిన్న చిన్న చుక్కల్లా, ఆవిడ తన ముఖాన్నే వేసుకుంది. ఒకచోట కాదు, పలుచోట్ల. మరికొన్ని చిత్రాల్లో కత్తి పిడి మీద తన పేరు చెక్కినట్టు చూపింది. ఆవిడ జీవితం గురించి కాగితాల మీద మిగిలింది బహు స్వల్పం. ఆ ముఖం, ఆ పేరు ఆవిడ పెట్టుకున్నవే. 1819లో తెరిచిన స్పెయిన్ దేశపు ప్రాడో మ్యూజియం, ఒక చిత్రకారిణికి ప్రత్యేక ప్రదర్శన పెట్టటం 2016లోనే మొదలు. అది క్లారాదే!

రెండో ఆయన అమెరికావాడు, వేన్ టీబో. 1920లో పుట్టి 2021లో, నూట ఒకటో ఏట పోయాడు. కుర్రతనంలో ఫలహారశాలలో పనిచేశాడు. 1961 ప్రాంతాల్లో కేకులూ, పళ్ళతో చేసే “పై”లూ వరసలు తీర్చి వేయటం మొదలుపెట్టాడు. ఎదురుగా పెట్టుకుని కాదు, జ్ఞాపకం మీద. రంగును కేకు మీద మీగడలా దట్టంగా పూసేవాడు. న్యూయార్కులో గాలరీలు చాలా మొహం తిప్పుకున్నాయి. చివరికి ఒకాయన ఒప్పుకుని 1962లో ప్రదర్శన పెడితే జనం విరగబడ్డారు. తమ ఊరి అంగడి అద్దంలో చూసిన తీపిని గోడ మీద చూసుకుని, “ఇదీ మన బతుకే” అనుకున్నారన్నమాట.

మరి మన సంగతి? మనకు లేకపోలేదు. నూజివీడుకు ఆట్టే దూరం లేని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. దేవుళ్ళూ, ఏనుగు అంబారీలతో పాటు ధాన్యం దంచే ఇల్లాలు, చల్ల చిలికే ఇల్లాలు కూడా వాటిలో ఉంటారు. కొలువులో దశావతారాల పక్కనే ఆ ఇల్లాలినీ నిలబెడతాం. ఆ గౌరవం బొమ్మకు ఇచ్చాం గాని, మనిషికి ఇచ్చామా?

మా అమ్మమ్మ తాండ్ర పాళ్ళు ఎవ్వరం రాసుకోలేదు. ఎన్ని పళ్ళకు ఎంత పంచదారో, ఏ పూత ఎప్పుడు వేయాలో ఆవిడ చేతికే తెలుసు. ఆ చేయి పోయింది, కొలతా పోయింది. నేను రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి బంకలా సాగింది, ఒకసారి పెళుసెక్కింది.

కనుక ఒక్క మనవి. ఈ వేసవిలో మీ అమ్మగారో అత్తగారో తాండ్ర పోస్తుంటే, అరిసెల పాకం చూస్తుంటే, ఓ నోటుపుస్తకం పట్టుకుని పక్కన కూర్చోండి. పిల్లల చేతికి రంగు పెన్సిళ్ళిచ్చి ఆ చాపనీ, ఆ చేతులనీ వేయమనండి. వంకర టింకరగా వచ్చినా ఫరవాలేదు. కింద ఆవిడ పేరు మాత్రం రాయించటం మరిచిపోకండేం.

సెలవు.