మార్పునకు కారణము వ్రాయుట

లెక్కల పుస్తకములో ఒక అంకెను కొట్టివేసి వేరొక అంకె వేసినచో, ప్రక్కన కారణము వ్రాసి సంతకము చేయుట మంచి ఆచారము. అంకె మారినదని పుస్తకమే చెప్పును. ఎందుకు మారినదో మనుష్యుడు చెప్పవలెను. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇదే చిక్కు కలిగినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదుము.

ఒక ప్రోగ్రాము అనేకుల చేతులలో, అనేక సంవత్సరములు మారుచుండును. ఏ మార్పు ఎవరు చేసిరో తెలియకున్నచో, తప్పు బయటపడిననాడు దాని మూలము పట్టుట కష్టము. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కైండ్ ఇందుకొక సాధనమును నిర్మించెను. దాని పేరు సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్. మార్పు ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి అనునవియే గాక, ఎందుకు చేసిరి అనునదియు అందు నమోదగునని 1975లో ప్రకటించిన వ్యాసమున ఆయన వివరించెను. మొదటి రెండును యంత్రము తానే వ్రాసికొనగలదు. మూడవదానికి మనిషిని అడుగక తప్పదు.

పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిషీ నిర్మించి, 1982లో లోకమునకు పరిచయము చేసిన ఆర్.సి.ఎస్. అను సాధనము మార్పును స్వీకరించునపుడు వివరణ కోరెడిది. ఒక పంక్తిలో చుక్క మాత్రము పెట్టినచో వివరణ ముగిసినట్లే. ఏమియు వ్రాయకయే చుక్క పెట్టినవారి మార్పు ప్రక్కన, వివరణ శూన్యమని ఆ సాధనమే వ్రాసిపెట్టెడిది. బద్ధకమునకు అంతకు మించిన సాక్ష్యమేమి కావలెను?

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు పనికై గిట్ అను సాధనమును సృష్టించెను. దాని మొదటి నమోదులోనే, ఇది నరకమునుండి వచ్చిన సమాచార నిర్వాహకుడని పరిహాసమాడెను. ఒకరినొకరు చూడని వేలమంది కలిసి చేయు పనిలో, ఈ నమోదు వాక్యమే పరస్పర పరిచయము. దానికొక మర్యాద ఏర్పడెను. మొదటి పంక్తి 50 అక్షరములలోపు, పిదప ఒక ఖాళీ పంక్తి, ఆ తరువాత 72 అక్షరములకు మించని పంక్తులలో వివరణ ఉండవలెనని 2008లో టిమ్ పోప్ వ్రాసిన సూచన బహుళ ప్రచారము పొందెను.

2010 తరువాత ఈ మర్యాదను నేర్పు చిన్న సాధనములు వచ్చినవి. కమిటైజెన్ అనునది తెరపై ఒక్కొక్క ప్రశ్న వేయును: ఇది క్రొత్త సౌకర్యమా, దోష నివారణమా? ఏ భాగమునకు సంబంధించినది? పాత వాడుకకు భంగము కలుగునా? సమాధానములను కూర్చి అదియే వాక్యము తయారుచేయును. కమిట్‌లింట్ అనునది నియమము తప్పిన వాక్యమును త్రిప్పి పంపును. నేడు కృత్రిమ మేధతో వాక్యమును తామే వ్రాసి చూపు సాధనములును కలవు.

ఇవి రూపమును దిద్దగలవు. కాని వేచియుండు కాలమును 30 సెకండ్లనుండి 60కి మార్చినవాడు "కాలము మార్చితిని" అని వ్రాసినచో, నియమములన్నియు నెరవేరును. ప్రయోజనము మాత్రము సున్న. "దూరపు ఊళ్లనుండి సమాధానము ఆలస్యమగుచున్నందున" అని నాలుగు మాటలు చేర్చినచో, ఐదేండ్ల తరువాత వచ్చు అపరిచితుడు దానిని తిరిగి 30 చేసి, ఆ ఊళ్లవారిని ఇబ్బంది పెట్టకుండును. ఆ నాలుగు మాటలు మార్చినవాని మనస్సులోనే ఉన్నవి. ఆనాడు వ్రాయకున్నచో ఏ సాధనమును వాటిని తరువాత వెదకి తేజాలదు.