అంబాసిడర్ బానెట్ కింద బర్మింగ్‌హామ్ ఇనుము

మండు వేసవిలో టీ తాగడానికి పది నిమిషాలు ఆపిన అంబాసిడర్ మళ్లీ కదలనని మొరాయించేది. డ్రైవరు విసుక్కోకుండా బానెట్ ఎత్తి, ఇంజిన్‌కు ఆనుకుని ఉన్న పెట్రోల్ పంపుకు తడిగుడ్డ చుట్టేవాడు. కాసేపాగి సెల్ఫ్ కొడితే బండి అందుకునేది. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దె కార్లలో తిరిగిన తరానికి ఇది తెలియని సంగతి కాదు. బండి పాతదనో, మెకానిక్ సరిగా చూడలేదనో చాలామంది సర్దుకునేవారు. లోపం వాళ్లెవరిదీ కాదు. చలిదేశంలో, అక్కడి రోడ్ల కోసం గీసిన ఇంజిన్ మన ఎండలో పనిచేస్తోంది. ఆ ఇంజిన్ మొండితనానికీ, మొరాయింపుకీ మూలం ఒకే చోట, దాన్ని మొదట గీసిన కాగితాల్లో ఉంది.

1952లో బ్రిటన్‌లో అప్పటిదాకా పోటీ పడుతున్న ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. రెండు సంస్థల్లోనూ రకరకాల ఇంజిన్లు ఉన్నాయి. అన్నీ తయారు చేస్తూ పోతే గిట్టదు కాబట్టి ఏ, బీ, సీ అని మూడు కుటుంబాలకు కుదించారు. నడిమి తరగతి కార్ల కోసం పెట్టుకున్నది బీ-సిరీస్. దాని పునాది బర్మింగ్‌హామ్ శివార్లలోని ఆస్టిన్ వారి లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో పడింది. 1489 సీసీ రూపం 1953లో ఎం.జి. మాగ్నెట్ కారులో కనిపించింది. రెండేళ్లకు అదే ఇంజిన్ రెండు కార్బొరేటర్లు తగిలించుకుని ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారులోకి వెళ్లింది. కలెక్టరు గారి తెల్ల అంబాసిడర్‌కీ, ఇంగ్లండ్ కుర్రకారు మోజుపడ్డ ఆ ఎర్ర రెండు సీట్ల కారుకీ ఇంజిన్ వరసలో దగ్గరి చుట్టరికం ఉంది. ఈ విషయం చెబితే నేటికీ చాలామంది నమ్మరు.

మన దగ్గరికి అది హిందుస్థాన్ మోటార్స్ ద్వారా వచ్చింది. 1942లో బిర్లాలు నెలకొల్పిన ఈ సంస్థ గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, తర్వాత బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు మారింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును తెచ్చి అంబాసిడర్ అని పేరు పెట్టారు. తొలి బళ్లలో ఉన్నది 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్. బరువైన బండికి దాని శక్తి చాలలేదు. 1959లో వాల్వులు పైన ఉండే 1489 సీసీ బీ-సిరీస్ దాని స్థానంలోకి వచ్చి, మూడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉండిపోయింది. 1980లో, ఎం.జి.ఏ. తర్వాత వచ్చిన ఎం.జి.బి. కారు ఆగిపోవడంతో స్వదేశంలో ఈ ఇంజిన్ స్పోర్ట్స్ కార్ల చరిత్ర ముగిసింది. ఉత్తర్‌పారాలో మాత్రం ఇనుము పోత ఆగలేదు.

ఇప్పుడు కొలతలు. నాలుగు సిలిండర్లు. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9, అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు. బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుమే. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో కింద ఉంటుంది, పుష్‌రాడ్లు రాకర్లను తోస్తే వాల్వులు తెరుచుకుంటాయి. ఫైరింగ్ వరస 1-3-4-2. క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేవి మూడే బేరింగులు. పెట్రోలు మండే గదిని హ్యారీ వెస్లేక్ అనే ఇంజినీరు హృదయం ఆకారంలో దిద్దాడు. అంబాసిడర్‌లో ఒకే కార్బొరేటర్‌తో ఇది ఇచ్చింది సుమారు 50 గుర్రాల శక్తి.

బోరు కంటే స్ట్రోకు పొడుగు కావడమే ఈ ఇంజిన్ స్వభావాన్ని నిర్ణయించింది. నిదానంగా తిరిగేటప్పుడే లాగుడు ఎక్కువ. ఎనిమిది మంది పెళ్లివారు కూర్చుని, పైన క్యారియర్ మీద సామాను కట్టినా సెకండ్ గేరులో మట్టిరోడ్డు ఎక్కేసేది. గేరు మార్చడం బద్ధకమైన డ్రైవర్లను కూడా భరించేది. అదే బండిని నాలుగు వరసల రహదారి మీద గంటల తరబడి ఉరికిస్తే తేడా తెలుస్తుంది. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 12 మీటర్లు పరుగు పెడుతుంది. మూడు బేరింగుల మీద నిలిచిన షాఫ్టుకు అది అలవాటైన పని కాదు, ఆ వేగంలో వణుకుతుంది. ఈ సంగతి బ్రిటన్‌లో వాళ్లూ గ్రహించారు. 1800 సీసీకి పెంచిన తర్వాత, 1964లో ఎం.జి.బి. ఇంజిన్‌కు అయిదు బేరింగులు పెట్టారు. మన 1489కి మూడే మిగిలాయి.

తడిగుడ్డ అవసరం ఎలా వచ్చిందో చూద్దాం. ఈ హెడ్‌లో పెట్రోలు లోపలికి వెళ్లే దారులు, పొగ బయటికి వచ్చే దారులు ఒకే పక్కన ఉంటాయి. అందువల్ల కార్బొరేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డు వేడి మీద కూర్చుంటుంది. చలిదేశంలో ఇది వరమే, పెట్రోలు త్వరగా ఆవిరై ఇంజిన్ తేలికగా అందుకుంటుంది. మన దగ్గర బయటి గాలే 45 డిగ్రీలుంటే కథ వేరు. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల మధ్యే మరగడం మొదలుపెడతాయి. ట్యాంకు వెనక, పంపు ముందు. పంపు దూరం నుంచి పీల్చడం వల్ల పైపులో ఒత్తిడి తగ్గి మరుగు మరింత సులువవుతుంది. బండి పరిగెత్తుతున్నంతసేపు గాలి, కొత్త పెట్రోలు చల్లబరుస్తుంటాయి. ఆపిన వెంటనే ఫ్యాను, నీటి ప్రవాహం రెండూ నిలిచి మానిఫోల్డు వేడి అంతా పంపుకు ఎక్కుతుంది. డయాఫ్రమ్ నొక్కేది ద్రవాన్ని కాదు, ఆవిరిని. కార్బొరేటర్‌కు చుక్క అందదు. తడిగుడ్డ మీది నీరు ఆరుతూ పంపు వేడిని లాగేస్తే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. భౌతికశాస్త్రం చదవని డ్రైవర్లు కనిపెట్టిన ఈ వైద్యానికి నేను మనసారా నమస్కరిస్తాను.

ఇంకో వైద్యం మాత్రం మేలు చేయలేదు. బండి కాగుతోందని చాలా షెడ్లలో థర్మోస్టాట్ పీకి పారేసేవారు. దాంతో ఇంజిన్ కావలసిన వేడికి చేరదు, చోక్ ఎక్కువసేపు లాగాలి, మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, బోరు అరుగుతుంది. అసలు కారణం ఎక్కువసార్లు రేడియేటర్లో పోసిన నీళ్లే. మన బోరు నీళ్ల ఉప్పు బ్లాకు లోపల గారలా పేరుకుని, చివరి సిలిండర్ దగ్గర దారి మూసేస్తుంది. అక్కడ కడగకుండా ఏం పీకినా లాభం లేదు.

ఆయిల్ కారడం గురించి ఎన్ని తిట్లు విన్నానో. క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఈ ఇంజిన్‌కు రబ్బరు సీలు లేదు. మరలాంటి గాడి ఒకటి తిరుగుతూ ఆయిల్‌ను తిరిగి లోపలికి నెట్టాలి. ఇంజిన్ ఆగినప్పుడు నెట్టేవారుండరు. బేరింగు అరిగినా, రింగులు అరిగి క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగినా ఆ గాడి దగ్గరే కారుతుంది. పక్కనున్న ట్యాపెట్ కవర్ల కార్కు ప్యాకింగులు ఎండిపోయినా అంతే. కొద్దిపాటి చెమ్మ రోగం కాదు. నేల మీద మడుగు కట్టినా, సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చినా ఇంజిన్ విప్పి చూడాల్సిందే.

అన్నింటికంటే ప్రమాదకరమైన మార్పు ఇంజిన్లో కాదు, పెట్రోలులో వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మన ఊపిరితిత్తులకు, పిల్లల మెదళ్లకు అది ఎంతో మంచి నిర్ణయం. కాకపోతే ఈ హెడ్‌లో వాల్వు సీట్లు విడిగా ఉండవు, పోత ఇనుములోనే కోసి ఉంటాయి. ఎగ్జాస్ట్ వాల్వు కొట్టుడుకు సీసం పొర అడ్డుండేది. అది పోయాక వాల్వు మెల్లగా ఇనుములోకి దిగబడుతుంది. దిగబడే కొద్దీ ట్యాపెట్ సందు తగ్గి, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ట్యాపెట్ సందు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. సెట్ చేసిన ప్రతిసారీ కొద్ది నెలలకే బిగుసుకుంటోందంటే సీటు తరుగుతున్నట్టే.

ఇన్ని ఉన్నా ఈ ఇంజిన్ ఎందుకు బతికింది? ఎవరైనా విప్పగలిగారు కాబట్టి. పాయింట్ల సందు కూడా 15 థౌ, ప్లగ్గు సందు 25 థౌ. ఒక ఫీలర్ గేజ్, నాలుగు స్పానర్లు ఉంటే ట్యూనింగ్ అయిపోయేది. బ్యాటరీ చచ్చినా ముందు బంపరు దగ్గర హ్యాండిల్ కొట్టి లేపేవారు. బోరు అరిగితే 20 థౌ, 40 థౌ ఓవర్ సైజు పిస్టన్లు వేసి మళ్లీ కొత్త జీవితం ఇచ్చేవారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బోరింగు, క్రాంక్ గ్రైండింగు చేయడంలో ఆరితేరిన చేతులు ఇలాంటి ఇంజిన్ల మీదే పదునెక్కాయి.

డీజిల్ చవకని తెలిశాక ఎందరో ఈ పెట్రోల్ ఇంజిన్లను దించి పాత ఇనుముకు అమ్మేశారు. 1990లలో కంపెనీయే ఇసుజు 1800 ఇంజిన్‌కు మారింది. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది.

మీ ఇంట్లో, మీ తాతగారి షెడ్డులో అసలు పెట్రోల్ ఇంజిన్‌తో ఉన్న బండి మిగిలి ఉంటే దయచేసి దాన్ని మార్చకండి. హెడ్ దించిన తొలిసారే గట్టి లోహపు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు వేయించండి. 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది కాబట్టి పైపులు, పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకునేవి పెట్టించండి. థర్మోస్టాట్ తిరిగి బిగించి, రేడియేటర్లో కూలెంట్ పోయండి. ఈ పనులు తెలిసిన పాత మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. బండి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు మీ పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి.