రహదారి చీటీ



మన కమలాపురము ప్రక్కగా మద్రాసు నుండి బొంబాయి పోవు రైలుబాట కలదు. 1871లో ఆ బాట రాయచూరు చేరి బొంబాయి దారితో గలిసెను. ఆ యేడే హిందూదేశమున నేరస్థ తెగల చట్టము పుట్టెను. ఈ రెండింటి నడుమ నలిగినవారి కథను నేడు మనవి చేయుదును.

రైలు రాకపూర్వము సముద్రతీరపు ఉప్పు ఈ మెట్టసీమకు ఎట్లు వచ్చెడిది? ఎరుకలవారు ఎద్దులమీదను, గాడిదలమీదను వేసికొని తెచ్చెడివారు. తిరిగి పోవునపుడు ధాన్యము గొనిపోయెడివారు. దారిలో తట్టలు, బుట్టలు అల్లి యమ్మెడివారు; వారి స్త్రీలు సోదె చెప్పెడివారు. ఊరూరు తిరుగుటయే వారి వృత్తి. పిమ్మట ఉప్పును రైలు మోయసాగెను. అడవి చట్టములు వెదురునకును, మేతకును అడ్డు వచ్చెను. 1876-78 నాటి ధాత కరవు పశువులను హరించెను. వర్తకము పోయినను తిరుగుట తప్పలేదు. అట్లు తిరుగువాడు దొరతనమువారి కంటికి దొంగగా దోచెను.

1911లో ఆ చట్టమును తిరుగ వ్రాసి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ప్రభుత్వము గెజెట్టులో ఒక తెగపేరు ప్రకటించిన చాలును. ఆ ప్రకటన చెల్లదనుటకు ఏ కోర్టునకును అధికారము లేదు. పట్టీకెక్కినవాడు వ్రేలిముద్ర లీయవలెను. ఆజ్ఞ యైనచో నియమిత వేళలకు హాజరు పలుకవలెను; నివాసము మార్చినచో తెలుపవలెను. జిల్లా దాటినను పట్టీలోని పేరు వాని వెంట పోయెడిది. హద్దు విధింపబడినవాడు చీటీ లేక దానిని దాటినచో పోలీసే కాదు, ఊరి తలారియు పట్టుకొనవచ్చును. బుట్టలమ్మువానికి సంత హద్దున కావలనున్నచో వాడేమి తిని బ్రదుకవలెను?

కొందరు దొంగతనములు చేయలేదా యని మీరడుగవచ్చును. చేసినవారును గలరు. వారిని దండించుటకు 1860 నాటి శిక్షాస్మృతి యుండనే యుండెను. ఈ చట్టము నేరము చేయనివానిని సైతము పుట్టుకను బట్టి అనుమానితుని జేసెను. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము, నాటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురము మొదలగు సెటిలుమెంట్లలో కుటుంబములకు కుటుంబములనే కాపుంచిరి.

పెద్దలారా, ఇది దొరల చేతులతో మాత్రమే నడవలేదు. పట్టీకెక్కినవారి రాకపోకలు పోలీసులకు తెలుపవలసిన బాధ్యతను గ్రామాధికారిమీదను, తలారిమీదను, భూమిగలవారిమీదను చట్టమే పెట్టెను. అనగా మన చావడియే దానికి కన్నయ్యెను. మా యింటి వృద్ధుడొకరు తమ చివరి దినములలో, "కొత్తవాడు వచ్చిన ఏ కులమని యడిగెడివారము, ఏమి చేసితివని యెన్నడును అడుగలేదు" అని చెప్పగా వింటిని. ఆ మాట నన్నింకను విడువలేదు.

1947లో మద్రాసు ప్రభుత్వము తన రాజధానిలో ఆ చట్టమును రద్దుచేసెను. తిరుచానూరున జన్మించిన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన 1949లో ఏర్పడిన సంఘము దేశమంతటను దానిని ఎత్తివేయుమని సిఫారసు చేసెను. 1952 ఆగస్టు 31న అది దేశమంతట రద్దయ్యెను. తరువాత వచ్చిన చట్టములు తెగను విడిచి, ఒక్కొక్క మనుష్యుడు పొందిన శిక్షలను చూచునవి. కాని కాగితముమీద చెరిపిన పేరు జనుల నోట అంత త్వరగా చెరగలేదు.

నేడు మన కడప పిల్లలు కువైటునకు కూలికి పోవునపుడు నేరము లేదను పోలీసు పత్రము కావలెను. ఒకడేమి చేసెనని విచారించుట న్యాయమే. దానికి వాడు జవాబు చెప్పగలడు. ఎవరికి పుట్టెనని విచారించినచో దానికి జవాబు లేదు. అట్టి విచారణలో మీ మాట నడిగినపుడు మీరెరిగిన వాని నడవడిని చెప్పుడు; కులమును చెప్పకుడు. ఒకప్పుడు మన చావడి చేసిన తప్పును నేడు మన చావడియే దిద్దుకొనగలదు.

సెలవు.