గంజాయి వనమున తులసి

"గంజాయి వనములో తులసిమొక్క" అని మనలో ఒక సామెత కలదు. చెడ్డవారి నడుమ పుట్టిన మంచివానిని గూర్చి దానిని వాడుదుము. ఆ సామెతలో గంజాయికి దక్కినది చెడ్డపేరు మాత్రమే. కాని యీ మొక్కకు మందుగా కూడ ఒక చరిత్ర యున్నది. అందులోని ముఖ్యఘట్టము మన దేశముననే జరిగినది. నేడు కొన్ని దేశములలో గంజాయినుండి తీసిన ఔషధములను వైద్యులు చీటి వ్రాసి యిచ్చుచున్నారు. "అట్లయిన నిది మంచిదా, చెడ్డదా?" అని నన్నడుగువారున్నారు. ఆ ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానమును ఈ కొద్ది నిమిషములలో శ్రోతలకు మనవి చేయదలచినాను.

మొక్క యొక్కటే, సరకులు మూడు. ఆకును నూరి త్రాగునది భంగు. ఆడుమొక్క పూగుత్తులు గంజాయి. ఆ గుత్తుల నంటియుండు జిగురు చరసు. అథర్వవేదమునందే భంగ పేరు వినవచ్చుచున్నది. మన వైద్యులు దీనిని విజయ యనిరి. కొన్ని ద్రవ్యములు జీర్ణము కాకమునుపే ఒడలంతయు వ్యాపించును. వానికి వ్యవాయి యని పేరు. శార్ఙ్గధరసంహితలో ఇట్టి వానికి ఉదాహరణములుగా భంగను, నల్లమందును చెప్పియున్నారు. మందుగా వాడినను దాని వేగమును పెద్దలు గుర్తెరిగియే వాడిరన్నమాట.

ఇక పందొమ్మిదవ శతాబ్దమునకు వత్తము. విలియం బ్రూక్ ఓషాగ్నెసీ 1809లో ఐర్లండులోని లిమరిక్ పట్టణమున జన్మించెను. 1833లో కుంఫిణీవారి కొలువున వైద్యుడుగా బంగాళమునకు వచ్చి, 1835లో కలకత్తా వైద్యకళాశాల నెలకొల్పబడగా అందు రసాయనశాస్త్రమును బోధించెను. తరువాతి కాలమున మన దేశమునకు తంతితీగల నమర్చినవాడును ఇతడే. ఇక్కడి జనులు గంజాయిని వాడు తీరు చూచి అతడు వెక్కిరింపలేదు, విచారించెను. మధుసూదన గుప్త, కమలాకాంత విద్యాలంకారులవంటి పండితులను, హకీములను అడిగి ప్రాచీనగ్రంథములలోని విషయమును సేకరించెను. పిమ్మట కుక్కలు, పిల్లులు, మేకలు మొదలగు జంతువులకిచ్చి చూచెను. మాంసము తిను జంతువులకు మత్తు కలిగినది. గడ్డి మేయువానికి అంతగా కలుగలేదు. ప్రాణాపాయము లేదని తోచిన తరువాతనే రోగులకిచ్చుటకు సాహసించెను.

1838 నవంబరులో కీళ్లవాతముతో బాధపడు ముగ్గురు రోగులకు చరసును ఒక్కొక్క గ్రెయిను, అనగా సుమారు అర గురిగింజ యెత్తు, ఇచ్చెను. ఇద్దరికి మొదట ఏమియు కాలేదు. మూడవవాడు రెండు గంటలకెల్ల పాటలు పాడుచు, అన్నము మరికొంత తెమ్మని కేకలు వేయుచు, తనకు రోగమే లేదని చెప్పసాగెను. రాత్రియగునప్పటికి వాడు స్మృతిదప్పి కొయ్యబారి పడియుండెను. చేతిని ఏ భంగిమలో నుంచిన ఆ భంగిమలోనే నిలిచినది. వైద్యుడు బెదరి పరుగెత్తుకొని వచ్చెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట రోగి తెలివి తెచ్చుకొనెను. మోతాదొక్కటే, మనుష్యులు ముగ్గురు, ఫలితములు మాత్రము వేరువేరు. ఈ చిక్కును శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదను. తరువాతి చరిత్ర యంతయు దీని చుట్టునే తిరిగినది.

పిచ్చికుక్క కరచిన ఒక హకీమునకు ఈ మందునిచ్చినప్పుడు ప్రాణము నిలువలేదు గాని, నీటిని చూచిన వణకు నతడు ద్రవమును మ్రింగగలిగెను, బాధ తగ్గెను. చచ్చువానికి ఉపశమనము కలిగించుటయు వైద్యధర్మమేయని ఓషాగ్నెసీ భావించెను.

ఆయన 1839లో ప్రకటించిన వ్యాసమును చదువునప్పుడు నేను మరియొక ఘట్టమువద్ద చాలసేపు ఆగితిని. కలకత్తాలో నలుబది దినముల ఆడుశిశువునకు మూర్ఛలు వచ్చుచుండెను. వేడినీటి స్నానములు, విరేచనములు, జలగలు, అన్నియు అయినవి, గుణము లేదు. అప్పుడు చరసు కలిపిన సారాయపు టింక్చరును ఒక్క చుక్క ఆ పసికందు నాలుకపై నుంచిరి. కొంతసేపటికి మరి రెండు చుక్కలు. బిడ్డ నిదురించి, లేచి, పాలకై యేడ్చెను. కొన్ని దినములకు మూర్ఛలు మరల వచ్చెను; మోతాదు ఎంతయో పెంచవలసి వచ్చినది. తుదకు శిశువు కోలుకొనెను. ఒక్క శిశువు కథను బట్టి సిద్ధాంతము కట్టరాదు. అయినను ఈ చుక్కకు సుమారు నూటయెనుబది సంవత్సరముల పిమ్మట సమాధానము దొరకినది. దానిని చివర చెప్పెదను.

ఓషాగ్నెసీ దోషములను దాచలేదు. మోతాదు మీరి వాడినవారికి, ముఖ్యముగా క్రొత్తగా అలవాటు చేసికొను యువకులకు, ఒక విధమగు చిత్తభ్రమ కలుగునని ఆ వ్యాసముననే హెచ్చరించెను. ఆయన స్వదేశమునకు కొనిపోయిన సరకుతో పీటర్ స్క్వైర్ అను లండను ఔషధవర్తకుడు సారమును తయారుచేసెను. ఆ తరువాత కొన్ని దశాబ్దములు పాశ్చాత్యవైద్యులు దీనిని నొప్పులకు, నిద్రలేమికి విరివిగా వాడిరి.

మరి యిది ఎందుకు వెనుకబడినది? మొదటి కారణము ఆ పాత చిక్కే. ఒక సీసాలోని మందు చప్పగా నుండును. మరియొక సీసాలోనిది రోగిని స్మృతిదప్పించును. నల్లమందునుండి మార్ఫియాను వేరుచేసినట్లు గంజాయిలోని సారమును ఎవరును వేరుచేయలేకపోయిరి. అది నీట కరగదు గనుక పిచికారితో ఎక్కించుటకును వీలులేదు. ఈలోగా 1899లో ఆస్పిరిను అంగడికి వచ్చెను. కొలత తెలిసిన బిళ్ల చేతిలో నుండగా, కొలత తెలియని సీసాను ఏ వైద్యుడు కోరును?

రెండవ కారణము భయము. గంజాయివలన పిచ్చియాసుపత్రులు నిండుచున్నవని ఇంగ్లండు పార్లమెంటులో గోల పుట్టగా, 1893లో భారత ప్రభుత్వము ఏడుగురు సభ్యులతో విచారణసంఘము నియమించెను. అందు మువ్వురు భారతీయులు. వారు దేశమంతట సుమారు పన్నెండువందలమంది సాక్షులను విచారించిరి. మన తెలుగుదేశమునకును ఇందు సంబంధము కలదు. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతమున గంజాయి పైరు ఉండెను. ఆసుపత్రి లెక్కలను శోధింపగా, పిచ్చికి కారణము "గంజాయి" యని వ్రాసినవానిలో అనేకము విచారణలేకయే వ్రాసినవని తేలెను. మితముగా వాడిన హాని స్వల్పము, అతిగా వాడిన హాని నిజము, నిషేధముకన్న పన్నుతో కూడిన కట్టుబాటు మేలు అని వారు 1894లో తీర్మానించిరి.

లోకము వేరుదారిని నడచెను. 1932లో బ్రిటిషు ఔషధకోశమునుండి, 1942లో అమెరికా ఔషధకోశమునుండి గంజాయి తొలగినది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక దానిని మిక్కిలి అపాయకరమైన ద్రవ్యములలో చేర్చెను. మన దేశమున 1985 నాటి చట్టము గంజాయిని, చరసును నిషేధించి, పూలులేని ఆకును ఆ నిర్వచనమునుండి మినహాయించినది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము 27 వోట్లకు 25 వోట్లుగా దానిని అత్యంతకఠినమైన పట్టికనుండి తీసివేసెను. భారతదేశము అనుకూలముగా వోటుచేసెను. అదుపు మాత్రము పోలేదు.

ఈలోగా రసాయనశాస్త్రము తన పని తాను చేసినది. ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు రఫాయేల్ మెషులామ్, ఆయన సహచరులు 1963లో కెన్నబిడయాల్ అను పదార్థము నిర్మాణమును నిర్ణయించి, 1964లో మత్తు కలిగించు టి.హెచ్.సి.ని శుద్ధముగా వేరుచేసిరి. ఓషాగ్నెసీకి దొరకని కొలత ఎట్టకేలకు దొరకినది. 1992లో ఆ వర్గమువారే మన మెదడులోనే పుట్టు ఇట్టి పదార్థమొకదానిని కనుగొని, సంస్కృతమునుండి తీసి ఆనందమైడు అని నామకరణము చేసిరి.

నేటి మందులు ఆ కొలతనుండి పుట్టినవే. టి.హెచ్.సి. వంటి బిళ్లలు పుట్టకురుపు చికిత్సలో వచ్చు వాంతులకు 1985నుండి అమెరికాలో అనుమతి పొందినవి. రెండు పదార్థములను సమపాళ్లలో కలిపి నోటిలో చిమ్ము మందును నరముల వ్యాధిలోని బిగుతునకు 2010లో ఇంగ్లండు అంగీకరించెను. 2018లో కెన్నబిడయాల్ ద్రావకమును, పసిపిల్లలను పట్టు రెండు ఘోరమైన మూర్ఛవ్యాధులకు అమెరికా అనుమతించెను. కలకత్తా శిశువు నాలుకపై పడిన చుక్కకు లభించిన సమాధానమిదియే.

గుణములతోబాటు దోషములును చెప్పవలెను. టి.హెచ్.సి. గుండెదడ, తలతిరుగుడు, నోరెండుట, జ్ఞాపకలోపము, భయము కలిగింపగలదు. యువకులకు, వంశమున చిత్తవికారమున్నవారికి అది మరింత ప్రమాదము. గర్భిణులు, హృద్రోగులు దూరముగా నుండవలెను; అలవాటై పట్టుకొనుటయు కలదు. కెన్నబిడయాల్ మత్తు కలిగింపదు. కాని నిద్రమబ్బు, అరుచి, విరేచనములు కలుగవచ్చును. కాలేయమునకు చెరుపు చేయవచ్చును. మూర్ఛకు వాడు వాల్ప్రోయేటుతో చేరినప్పుడు ఈ యపాయము హెచ్చు. ఇక కేన్సరును మాన్పునని, సర్వరోగనివారిణి యని చెప్పు మాటలకు తగిన ఆధారము లేదు.

మూర్ఛలతో బిడ్డ విలవిలలాడుచుండగా ఏ తల్లి యైనను ఏ సీసానైనను కొనును. ఆమెను నిందింపరాదు. కాని బిడ్డకు వాడుచున్న మందును తనంతట మాని, కొలత తెలియని నూనెను పట్టించుట, నూరేండ్ల క్రిందట వైద్యులు విసిగి విడిచిన సీసాను మరల చేతబట్టుటయే. విజయ చేరిన ఆయుర్వేదౌషధములనైనను వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని మన ప్రభుత్వ నిబంధన.

కనుక మంచిదా, చెడ్డదా యను ప్రశ్నయే సరికాదు. ఏ పదార్థము, ఎంత, ఎవరికి, ఎవరి కనుసన్నలలో అని యడుగవలెను. గంజాయి వనములో తులసి లేకపోలేదు. దానిని గుర్తించి తెచ్చుటకు సుమారు నూటయెనుబది సంవత్సరములు పట్టినది. తొందరపడి వనమునంతయు ఇంటికి తెచ్చుకొనవద్దని మాత్రము మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.